ఉప్పుగాలిలో మూడు స్విచ్‌లు

మంచినీళ్లపేటలో సముద్రం వైపు ఆఖరి వరుసలో హేమలత ఇల్లు. ఆ వరుసలో టెక్కలి దాకా వెళ్లి పాలిటెక్నిక్ చదివింది ఆమె ఒక్కతే. చదువు అయిపోయాక విశాఖపట్నంలోని ఒక నెట్‌వర్కింగ్ కంపెనీ ఆమెను పలాస చుట్టుపక్కల పనులు చూడటానికి తీసుకుంది. ఇప్పటికి పదమూడేళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలు, నర్సింగ్ హోములు, కాలేజీలు, ఎక్కడ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేసినా ఫోను ఆమెకే వస్తుంది. పనిముట్ల సంచి స్కూటీ ముందు పెట్టుకుని బయలుదేరుతుంది. ఒకరోజు నిమ్మాడ, ఒకరోజు హరిశ్చంద్రపురం, ఒకరోజు కంచిలి.

జీడి ఫ్యాక్టరీలో వందమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని పప్పు ఒలుస్తుంటారు. హేమలత నిచ్చెన ఎక్కితే అందరూ తలెత్తి చూస్తారు. దిగాక ఎవరూ పలకరించరు. ఆఫీసు గదిలో మగవాళ్లు ‘మేడమ్’ అంటూ పక్కకు తప్పుకుంటారు. ఊళ్లో వలలు బాగుచేసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటే, అప్పటిదాకా నవ్వుకుంటున్నవాళ్లు ఒక్కసారి మర్యాదగా సర్దుకుంటారు. ఆమెకు ఎక్కడా శత్రువులు లేరు. ఎక్కడా ఒక జట్టు కూడా లేదు.

భర్త అప్పన్న ఆమెకు మేనమామ కొడుకు. గుజరాత్‌లో వెరావల్ రేవు నుంచి వేటకు వెళ్లే పడవ మీద ఇంజిను డ్రైవరు. ఆగస్టు మొదట్లో రైలెక్కితే మళ్లీ వేట నిషేధం పెట్టే మే చివరికే ఇంటికి వస్తాడు. పడవ సముద్రంలోకి వెళ్తే ఇరవై రోజులు ఫోను అందదు. పిల్లలు లేరు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా, ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులు కూడితే మూడేళ్లు నిండవు.

రెండేళ్ల కిందట జనవరిలో విశాఖ ఆఫీసు నుంచి రవిశంకర్ ఫోన్ చేశాడు. ఆయన ఆమె పై అధికారి. కొబ్బరి, జీడి రైతుల సంఘం ఒకటి టెక్కలి నుంచి కంచిలి దాకా ఉన్న తన పంతొమ్మిది కొనుగోలు కేంద్రాలకూ కొత్తగా నెట్‌వర్క్ వేయించుకుంటోంది. కాటా, బిల్లు మెషీను, కెమెరాలు, కంప్యూటరు, వీటన్నిటి తీగలూ వచ్చి కలిసే పెట్టెను స్విచ్ అంటారు. ఏ కంపెనీ స్విచ్ పెట్టాలో తేల్చమని సంఘం వాళ్లు అడిగారు.

“మూడు బ్రాండ్లు షార్ట్‌లిస్ట్ చేశాను హేమలతా. టేబుల్ పంపుతున్నాను. నువ్వు ఫీల్డ్‌లో ఉంటావు కదా, ఒకసారి చూసి నీ అభిప్రాయం రాయి” అన్నాడు.

పట్టిక వచ్చింది. తీగలు గుచ్చే పోర్టులు ఎన్ని, ఎంత వేగం, అదే తీగలోంచి కెమెరాకు కరెంటు ఇవ్వగలదా, దూరం నుంచి సెట్టింగులు మార్చవచ్చా, వారంటీ ఎన్నేళ్లు. అన్నీ ఉన్నాయి. ఎవరి బ్రోచరు చూసినా ఎవరికి వాళ్లే గొప్ప. హేమలత రెండుసార్లు చదివి ఫోన్ చేసింది.

“సార్, ఇందులో ఉప్పుగాలికి కాలమ్ లేదు.”

“దేనికి?”

“ఏడు సెంటర్లు సముద్రం పక్కనే ఉన్నాయి సార్. మావైపు కిటికీ ఊచలే నాలుగేళ్లు ఆగవు. పోర్టుల్లో ఉండే పిన్నులు ఎంత సన్నగా ఉంటాయో మీకు తెలుసు కదా.”

రవిశంకర్ నవ్వాడు. చెడ్డవాడు కాదు, తీరిక లేనివాడు. “ఆ కాలమ్ ఏ కంపెనీ ఇవ్వదమ్మా. కావాలంటే నువ్వే పెట్టు. తీరం సెంటర్ల కొనుగోలు ఎలాగూ వచ్చే ఏడాదికి వాయిదా వేశారు. డెమో పీసులు మూడూ పంపిస్తాను, చూసుకో.”

ఆయన మాటవరసకే అన్నాడు. హేమలత మాత్రం నిజంగానే పెట్టింది. ముందుగదిలో సముద్రం వైపు కిటికీ పక్కన గోడకు ఒక చెక్క బిగించి, మూడు స్విచ్‌లనూ దాని మీద వరసగా కూర్చోబెట్టింది. పెద్ద పేరున్న విదేశీ కంపెనీది నల్లది, రేకు మందం, పట్టుకుంటే బరువుగా ఉంటుంది. మధ్యరకంది నీలం. అన్నిటికన్నా చవకది బూడిదరంగు, పైన ప్లాస్టిక్ మూత. మూడింటినీ ఒకే స్టెబిలైజరుకు కలిపింది. పాత కంప్యూటరు ఒకటి పగలూ రాత్రీ వాటిలోంచి సమాచారం పంపుతూ, ఎక్కడ ఎన్ని తప్పులు వచ్చాయో రాసి పెట్టేటట్టు చేసింది. రోజూ పనికి బయలుదేరే ముందు పోర్టుల్లోకి టార్చి వేసి చూసి, ఒక నోటుబుక్కులో రాసుకునేది.

పక్కింటి మంగమ్మ ఎండుచేపలు ఆరబెట్టుకునే మనిషి. మధ్యాహ్నం ఫోను ఛార్జింగుకు వచ్చి ఆ పచ్చదీపాలు మిణుకుమిణుకుమనడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఓలమ్మో! ఏటే ఇయ్యి? టీవీలా?”

“కాదు పిన్నీ. కంప్యూటర్లకి మన కవిటి జంక్షన్ లాటిది. ఎవుల బండి ఎటెల్లాలో సూసి పంపుతాది.”

“మరి నీ ఇంట్లో బళ్లు ఏటున్నాయే పంపడానికి?”

హేమలత నవ్వి ఛార్జరు అందించింది. ఆ ఏడాది ఆ ఇంట్లో ఆ మూడింటి గురించి తప్ప ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. అప్పన్న ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ అంటే ‘తిన్నాను’ అనేది. అక్కడ గాలివాన ఉందా అని అడిగేది. ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరికేది కాదు. ఒకరు రోజూ తిరిగే చోట్లు రెండోవారు చూడలేదు.

ఏప్రిల్‌కల్లా బూడిదరంగు పెట్టె పోర్టుల అంచుల్లో ఎర్రటి పొడి కనిపించింది. మే నెలలో తప్పులు రోజుకు పదుల్లోంచి వేలల్లోకి వెళ్లాయి. ఇంకో నెల కూడా ఆగదని హేమలత రాసుకుంది. అది చచ్చే తేదీ కోసం ఆమె నిజంగానే ఎదురుచూసింది. ఎందుకంటే, చవకది ఇన్నాళ్లే నిలుస్తుంది అని కచ్చితంగా చెప్పగల మనిషి ఈ తీరంలో ఇంకొకరు లేరు.

మే ఆఖర్లో అప్పన్న వచ్చాడు. మొదటి నాలుగు రోజులూ నిద్రపోయాడు. తర్వాత ఇల్లు చూడటం మొదలుపెట్టాడు. తలుపు బందులకు నూనె వేశాడు, బోరు మోటారు విప్పి బిగించాడు. జూన్‌లో ఒకనాటి మధ్యాహ్నం హేమలత పలాసలో పని త్వరగా ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, అప్పన్న చెక్క ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బూడిదరంగు పెట్టె అతని ఒళ్లో ఉంది. పక్కన వేజలీన్ సీసా, పాత టూత్‌బ్రష్, కత్తిరించిన సైకిలు ట్యూబు ముక్కలు.

“ఏటి సేత్తన్నావు బావా?”

“తుప్పట్టిపోనాదే ఇది. నాను సూసినాను. శుబ్బరంగా తోమి, పడవలో బేటరీ కొసలకి పూసినట్టు సన్నంగా వేజలీను పూసినాను. కాలీగా ఉన్న కన్నాలకి రబ్బరు ముక్కలు కుక్కినాను. ఇంక ఉప్పు దూరదు. మిగతా రెండూ కూడా ఇచ్చీ, సేసీత్తాను.”

హేమలతకు ఒళ్లు మండిపోయింది. ఆరు నెలల పరీక్ష. ఇంకో వారం ఆగితే తేదీ తేలేది.

“ఎవుల్నడిగి ముట్టుకున్నావు? అది పాడవ్వాలనే నాను పెట్టినాను! పాడవ్వడమే నాకు కావాలి!”

“పాడవ్వాలని పెట్టడమేటే?” అతనికి నిజంగానే అర్థం కాలేదు. “ఉన్న వొస్తువుని...”

“నీకేటి తెలుసు? సదువుకున్నోడివా ఏటి? ఇంజన్లో నూనె పోసుకున్నట్టనుకున్నావా?”

అప్పన్న స్టూలు మీంచి లేచాడు. పెట్టెను చెక్క మీద జాగ్రత్తగా పెట్టి, దాని తీగలు మళ్లీ గుచ్చాడు. వేళ్లు తువ్వాలుకు తుడుచుకుని, స్టూలు తీసి గోడవారకు జరిపి, చెప్పులు వేసుకుని రేవు వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఉన్న ఆరువారాలూ ఇంట్లో అతడు దేన్నీ బాగుచేయలేదు. అన్నం పెడితే తిన్నాడు, అడిగితే చెప్పాడు. ఆగస్టులో పలాస స్టేషన్లో రైలెక్కేటప్పుడు “ఎల్తాను” అన్నాడు. కిటికీ దగ్గర సీటు ఉన్నా అవతలివైపు కూర్చున్నాడు.

హేమలత నోటుబుక్కులో బూడిదరంగు పెట్టె పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, ‘పరీక్ష నుంచి తొలగించడమైనది’ అని రాసింది. పెట్టెను మాత్రం చెక్క మీదే ఉంచింది. తీసి పెట్టడానికి ఇంకో చోటు లేక ఉంచింది, అంతే.

సెప్టెంబరులో నీలం పెట్టె ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. నల్లది గట్టిదే. అక్టోబరు గాలివానలకు కూడా నిలిచింది. కానీ నవంబరులో దాని పోర్టులు ఒకటొకటిగా మూసుకుపోయాయి. నాలుగోది కూడా పోయిన ఉదయం హేమలత నోటుబుక్కు తెరిచి తేదీ రాయబోతూ, పక్కన చూసింది. గీత కొట్టేసిన బూడిదరంగు పెట్టె అన్ని దీపాలతోనూ వెలుగుతోంది. కంప్యూటరు తెరిచి జూన్ నుంచి లెక్క తీసింది. అప్పన్న పూసిన రోజు వరకూ వేలల్లో తప్పులు. ఆ మర్నాటి నుంచి ఒకటి, సున్నా, సున్నా, రెండు, సున్నా.

పెద్ద పేరున్నది పోయింది. అన్నిటికన్నా చవకది మిగిలింది. ఆమె అలాగే కిందకూర్చుంది. ఆ రోజు సోంపేటలో పని ఉంది. రెండుసార్లు ఫోన్ వచ్చాక గానీ లేవలేదు.

ఈ మాట చెప్పాల్సిన మనిషి ఒక్కడే. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు గుజరాతీలో ఏదో చెప్పి ఆగిపోయింది. పడవ అంతకు ముందురోజే సముద్రంలోకి వెళ్లింది. పక్కరోజు మళ్లీ చేసింది. ఆ పక్కరోజు కూడా. అందదని తెలిసినా, పనికి బయలుదేరే ముందు ఒకసారి చేయడం అలవాటయింది. గుజరాతీ రాకపోయినా ఆ మాటలు వరసగా నోటికి వచ్చేశాయి.

ఆగలేక ఒక మధ్యాహ్నం మంగమ్మకు చెప్పింది. మొత్తం విని మంగమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

“మొగుడు సేసిన పని మంచిదైతే సంతోసించక ఏడుత్తావేటే పిల్లా?”

“సదువుకున్నోడివా అన్నాను పిన్నీ.”

మంగమ్మ ఫోనుకున్న ఛార్జరు ఊడదీసింది. “అన్నావులే” అంది. ఓదార్పుగానా, తప్పు పట్టినట్టా అన్నది తెలియలేదు. ఫోను తీసుకుని వెళ్లిపోయింది.

ఇరవై రెండో రోజు పొద్దున్న అప్పన్నే ఫోన్ చేశాడు. వెనక రేవు గోల, ఐసు మెషీను చప్పుడు.

“బావా, నువ్వు వేజలీను పూసిన పెట్టె ఉన్నాది సూడు, అదొక్కటే బతికినాది. మిగతా రెండూ పోనాయి.”

“ఏటి? వినబడ్నేదు.”

“నువ్వు సేసిందే రైటు అంతన్నాను! నాను తప్పు మాటాడినాను. ఆ మాట... ఆ రోజు అలగ అనకూడదు.”

అటువైపు ఎవరో అతన్ని హిందీలో పిలిచారు. అతడు ‘ఆతా హూఁ’, వస్తున్నానని కేకేసి, మళ్లీ ఫోన్లోకి వచ్చాడు.

“రబ్బరు ముక్కలు ఊడిపోనేదు కదా?”

“నేదు.”

“ఎండకి గట్టిపడిపోతాయి. ఏడాదికొకసారి మార్చాల” అన్నాడు. కాస్త ఆగి, “సేపలు దించుతున్నారే. ఎల్తాను” అన్నాడు. మాట విన్నాడో లేదో, విని దాటేశాడో, ఆమెకు ఆ రోజంతా తెలియలేదు. కంచిలి వెళ్లే దారిలో కొబ్బరితోటల మధ్య స్కూటీ ఆపి ఇంకోసారి ఫోన్ చేయబోయి మానేసింది.

ఒక్క పెట్టె నిలిచినంత మాత్రాన రుజువు కాదని హేమలతకు తెలుసు. ఆఫీసును అడిగి మూడు కంపెనీలవీ రెండేసి చొప్పున ఆరు పెట్టెలు తెప్పించింది. ప్రతి జతలో ఒకదానికి వేజలీను, రబ్బరు, రెండోది ఉత్తది. ఈసారి కిటికీ తలుపులు పూర్తిగా తీసి ఉంచింది. ఏప్రిల్ వచ్చేసరికి ఉత్త బూడిదరంగుది చచ్చిపోయింది. ఉత్త నీలందానిలో సగం పోర్టులు పోయాయి. ఉత్త నల్లది తప్పులతో కుంటుతోంది. పూసిన మూడూ కొత్తవాటిలా ఉన్నాయి.

ఎనిమిది పేజీల రిపోర్టు రాసింది. అందులో బ్రాండ్ల మధ్య తేడాలు దాచలేదు. కెమెరాలు ఎక్కువున్నచోట నల్లదే మేలు, తీగలోంచి కరెంటు నిలకడగా ఇస్తుంది. దూరం నుంచి సెట్టింగులు మార్చాల్సిన చోట బూడిదరంగుది పనికిరాదు. నాలుగు తీగలే ఉన్న చిన్న సెంటరుకు నీలం చాలు. కానీ సముద్రానికి దగ్గర్లో మాత్రం పెట్టె మీద ఏ పేరుందన్నదాని కన్నా, దాని కన్నాలు మూసి ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం అని రాసింది. ‘ఈ పద్ధతి కనిపెట్టినవారు: అప్పన్న, ఇంజిను డ్రైవరు, మంచినీళ్లపేట’ అని ఎనిమిదో పేజీలో ఒక వరస పెట్టింది.

వారం తర్వాత రవిశంకర్ ఫోన్ చేశాడు. “చాలా బాగా చేశావు హేమలతా. సంఘం వాళ్లు ఒప్పుకున్నారు. ఏడు సెంటర్లకూ ఇదే విధానం.” తర్వాత కొంచెం ఇబ్బందిగా, “ఆ పేరు తీసేశానమ్మా. స్థానిక పద్ధతి అని పెట్టాను. ఇలాంటి డాక్యుమెంట్లలో మనుషుల పేర్లు పెట్టరు. నీ పేరు కూడా లేదు చూడు” అన్నాడు.

“ఆయన పేరు ఉంటే బాగుండేది సార్.”

“ఎవరాయన?”

“మా ఆయన.”

“ఓ” అన్నాడు రవిశంకర్. ఆ తర్వాత బిగింపు పనులు ఎప్పుడు మొదలుపెట్టాలో మాట్లాడాడు.

ఆ మే నెలలో అప్పన్న ఇంటికి రాలేదు. వెరావల్‌లో పడవల ఇంజిన్లు విప్పి బాగుచేసే పని దొరికిందని, జూలైలో ఇరవై రోజులకు వస్తానని చెప్పాడు. హేమలత తీరం సెంటర్ల పని అప్పటికి వాయిదా వేయించుకుంది. అతను వచ్చిన మూడో రోజే అడిగింది.

“నాతో వత్తావా బావా? ఏడు సెంటర్లకి ఎల్లాల.”

“నానేటి సేత్తాను అక్కడ?”

“నువ్వు రబ్బరు కోత్తే సరిగ్గా దూరతాది. నాను కోత్తే ఊడిపోతాది.”

అతడు ఆమె ముఖం వైపు చూశాడు. ఏదో అడగబోయి, గోడకున్న సైకిలు ట్యూబు తీసుకున్నాడు.

ఆ ఇరవై రోజుల్లో పన్నెండు రోజులు ఇద్దరూ ఒకే స్కూటీ మీద తిరిగారు. ఆమె తీగలు బిగించేది, అతడు కింద కూర్చుని కన్నాలకు రబ్బరు కోసేవాడు. ఒక సెంటరులో గుమస్తా అతన్ని చూసి “ఇంజనీరుగారా?” అని అడిగితే, హేమలత నిచ్చెన మీద నుంచే “అవునండి” అంది. అప్పన్న తల వంచుకుని కోస్తూనే ఉన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. దారిలో కొబ్బరితోటల నీడల్లో అతడు వెరావల్ సంగతులు చెప్పాడు. ఆ రేవులో ఎన్ని పడవలు ఆనుకుని నిలబడతాయో, ఒకదాని మీంచి ఒకదాని మీదకు దాటుకుంటూ నేల మీదకు ఎలా వస్తారో చెప్పాడు. పద్నాలుగేళ్లలో ఆమె అడగలేదు, అతడు చెప్పలేదు. ఆ పాత మాట ఎవరూ ఎత్తలేదు.

సెలవు అయిపోయింది. పొద్దున్న రైలు. ఈసారి అతడు ఇవతలివైపు కిటికీ దగ్గరే కూర్చున్నాడు. బండి కదిలాక “ఒంట్లో జాగర్త” అని ఆమె అంది. అతడు చేయి ఊపాడు. ఆఖరి పెట్టె కాశీబుగ్గ గేటు దాటేదాకా హేమలత ప్లాట్‌ఫారం మీదే ఉంది.

బయటికి వచ్చి స్కూటీ తీస్తుండగా ఫోన్. సోంపేట సెంటరులో నెట్‌వర్క్ పోయిందట, రైతులు కొబ్బరికాయల బస్తాలతో నిలబడి ఉన్నారట. ఇంటికి వెళ్లాల్సిన పని ఏమీ లేదు. అటునుంచి అటే బయలుదేరింది. వెళ్లేసరికి గంటన్నర పట్టింది. లోపలికి వెళ్లి చూస్తే, ఎవరో సెల్లు ఛార్జింగు పెట్టుకోవడానికి స్విచ్ ప్లగ్గు పీకేశారు. ఆమె దాన్ని తిరిగి పెట్టింది. దీపాలు వచ్చాయి, బిల్లు మెషీను గరగరమంది, బయట బస్తాలు కదిలాయి.

గుమస్తా భారతి కొత్తగా చేరిన పిల్ల. సిగ్గుపడిపోయింది. “ఇంత సిన్న పనికి అంత దూరం నుంచి రప్పించీసినాను మేడమ్. కూకోండి, టీ తెప్పిత్తాను.”

హేమలత వేరే రోజైతే వద్దని వెళ్లిపోయేది. ఆ పూట కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ వచ్చేదాకా, వచ్చాక కూడా, బయట రైతులు ఒకరినొకరు కేకలేసుకుంటూ బస్తాలు కాటా మీదకు ఎత్తడం చూస్తూ కూర్చుంది.